ఇంట్లోనే వేప్ లిక్విడ్ కలుపుతున్నారా? ఆ బుడ్డిలో ఏముంటుంది, చట్టం ఏమంటోంది, పిల్లల చేతికి చిక్కితే ఏం చేయాలి?

అబిడ్స్ జీపీఓ సర్కిల్ నుంచి నాంపల్లి రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్తే పావుగంట. ఆ దారిలో ఏ మెడికల్ షాపులో అడిగినా గ్లిజరిన్ ఇస్తారు. మొజంజాహీ మార్కెట్ దాటి బేగం బజార్ వైపు తిరిగితే కేకులు, ఐస్‌క్రీముల్లోకి వేసే ఎసెన్స్‌లు దొరుకుతాయి. మామిడి, స్ట్రాబెర్రీ, వెనీలా.. ఏది కావాలంటే అది. ఇవేవీ నిషేధిత సరుకులు కావు. అందుకే చాలామంది కుర్రాళ్లకు ఓ ఆలోచన వస్తోంది: బయట వేప్ దొరకడం కష్టం, దొరికినా రేటు మండిపోతోంది, మనమే ఇంట్లో కలుపుకుంటే పోలా?

అదే నాంపల్లిలో క్రిమినల్ కోర్టుల కాంప్లెక్స్ ఉంది. పక్కనే రెడ్ హిల్స్‌లో ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబ్, నిలోఫర్ పిల్లల ఆస్పత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి. ఇంట్లో కలిపిన ఈ-లిక్విడ్ కథ తేడా కొడితే వెళ్లాల్సిన చోట్లన్నీ రెండు కిలోమీటర్ల లోపే అన్నమాట. అసలు ఆ లిక్విడ్ ఏంటి, దాంతో చిక్కు ఎక్కడ మొదలవుతుంది? వివరంగా చూద్దాం.

చట్టం సంగతి ముందు

మన దేశంలో ఈ-సిగరెట్లపై కేంద్రం 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ తెచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన.. ఇవన్నీ చట్టం పేరులోనే ఉన్నాయి. అంతకు ముందు అదే సంవత్సరం మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, పూర్తి నిషేధం పెట్టాలని సిఫారసు చేసింది.

ఇక్కడ చాలామంది పొరబడే పాయింట్ ఒకటుంది. "నాది నికోటిన్ లేని లిక్విడ్, నాకేం కాదు" అనుకుంటారు. చట్టంలోని నిర్వచనం అలా లేదు. ఏదైనా పదార్థాన్ని వేడిచేసి, పీల్చడానికి ఆవిరి తయారు చేసే ఎలక్ట్రానిక్ పరికరం ఏదైనా ఈ-సిగరెట్టే. అందులో నికోటిన్ ఉన్నా, లేకపోయినా ఒకటే. ఈ-హుక్కా కూడా దాని కిందికే వస్తుంది. పేరు, ఆకారం, సైజు ఏదైనా సరే తప్పించుకునే వీల్లేదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్స్ ఉన్న ఉత్పత్తులకు మాత్రమే మినహాయింపు.

రెండో పాయింట్ ఇంకా ముఖ్యం. నిషేధం పూర్తి పరికరానికే కాదు, దాని ఏ భాగానికైనా వర్తిస్తుంది. "తయారీ" అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో విడి భాగాలు చేయడం, జోడించడం, దానికి సంబంధించిన చిన్నాచితకా పనులు కూడా ఉన్నాయి. పరికరంలో పోయడానికే కలిపిన లిక్విడ్ దొరికితే, "ఇది ఈ-సిగరెట్ కాదు సార్, ఉత్త బుడ్డి" అని వాదించి గట్టెక్కడం అంత తేలిక కాదు. పైగా ఇద్దరు ఫ్రెండ్స్‌కు పోసి డబ్బులు తీసుకుంటే అది అమ్మకం. ఊరికే పంచితే పంపిణీ. రీల్ చేసి ప్రచారం చేస్తే ప్రకటన.

మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. స్టాక్ పెట్టుకోవడానికి తెలిసీ చోటిచ్చిన ఇంటి ఓనర్‌కు, అందులో ఉండేవాళ్లకు కూడా ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడే అవకాశం ఉంది. హాస్టల్ రూములో బుడ్డీలు పేర్చుకునేవాళ్లు ఇది ఓసారి చదువుకోవాలి. ఇక్కడ బాధ పడేది కలిపినవాడు ఒక్కడే కాదు, తెలిసీ ఊరుకున్న రూమ్మేట్ కూడా. తనిఖీ చేసి స్వాధీనం చేసుకునే అధికారం సబ్-ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారికి ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. లేబుల్ లేని గోధుమ రంగు ద్రవం చూడ్డానికి ఏదైనా కావచ్చు. హైదరాబాద్ పోలీసులు హ్యాష్ ఆయిల్ కేసులు చాలానే పట్టుకున్నారు. అది గంజాయి నుంచి తీసే సరుకు, దానికి ఎన్‌డీపీఎస్ చట్టం వేరే ఉంది, శిక్షలు చాలా పెద్దవి. ఏ బుడ్డిలో ఏముందో చూపులతో తేలదు, ల్యాబ్ రిపోర్ట్ రావాల్సిందే. ఆ రిపోర్ట్ వచ్చేదాకా తిరుగుడు ఎవరిదో చెప్పక్కర్లేదు.

హుక్కా సెంటర్ల సంగతి కూడా ఇక్కడే గుర్తు చేసుకోవాలి. 2024 ఫిబ్రవరి 12న తెలంగాణ అసెంబ్లీ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ పొగాకు చట్ట సవరణ బిల్లును పాస్ చేసింది. "హుక్కా ఫ్లేవరే కదా" అనే సాకు కూడా ఇప్పుడు పనిచేయదు.

బుడ్డిలో ఉండేది నాలుగు సరుకులే, కానీ..

ఈ-లిక్విడ్ అంటే సాధారణంగా ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్, ఫ్లేవర్, నికోటిన్. మొదటి రెండూ మందుల్లో, తిండి పదార్థాల్లో, సబ్బుల్లో, క్రీముల్లో వాడేవే. ఫ్లేవర్ కూడా అంతే. అందుకే "తినేదే కదా, పీలిస్తే ఏమవుతుంది?" అన్న ప్రశ్న వస్తుంది.

తినడం వేరు, పీల్చడం వేరు. కడుపులోకి వెళ్లినదాన్ని అరాయించడానికి ఆమ్లం ఉంది, వడకట్టడానికి కాలేయం ఉంది. ఊపిరితిత్తుల గాలి తిత్తులకు అలాంటి కాపలా లేదు. అక్కడి పొర ఎంత పలచనంటే అటు గాలి, ఇటు రక్తం, మధ్యలో దాదాపు ఏమీ లేనట్టే. ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉందంటే తినడానికి పరీక్షించారని మాత్రమే అర్థం. వేడిచేసి పీల్చడానికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ డయాసిటైల్. వెన్న వాసన ఇచ్చే రసాయనం ఇది. అమెరికాలోని మిస్సోరీలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులకు ఊపిరితిత్తుల సన్నని నాళాలు మచ్చలు పడి మూసుకుపోయే జబ్బు వచ్చిందని 2000లో బయటపడింది. పాప్‌కార్న్ తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. ఆ ఫ్లేవర్ ఆవిరి రోజూ పీల్చినవాళ్లకే వచ్చింది. దానికే పాప్‌కార్న్ లంగ్ అని పేరు. ఒకసారి మచ్చ పడ్డాక ఆ నాళాలు మళ్లీ మామూలు కావు. బటర్‌స్కాచ్, కస్టర్డ్ లాంటి క్రీమీ ఎసెన్స్‌లలో ఈ రసాయనం గానీ, దీని చుట్టాలు గానీ ఉండొచ్చు. కేక్ ఎసెన్స్ సీసా మీద ఆ వివరం ఉండదు, ఎందుకంటే కేకుకు ఆ అవసరం లేదు.

నూనె సంగతి ఇంకా మొండిది. కొన్ని ఎసెన్స్‌లు నూనెలో కలిపినవి. మన ఊళ్లో అత్తరు కూడా అంతే, గంధపు నూనె మీదో మరో నూనె మీదో చేస్తారు. నూనె ఆవిరై లోపలికి వెళ్లి చల్లబడితే ఊపిరితిత్తుల్లోనే పేరుకుంటుంది, లిపాయిడ్ న్యుమోనియా అనే వాపుకు దారితీస్తుంది. అత్తరు చుక్క చెవి వెనక రాసుకోవడానికే బాగుంటుంది.

2019లో అమెరికాలో జరిగింది చూస్తే "ఇంట్లో కలిపిన సరుకు" అంటే ఏంటో అర్థమవుతుంది. 2020 ఫిబ్రవరి 18 నాటికి అక్కడి సీడీసీ లెక్కల ప్రకారం వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు 2,807, మరణాలు 68. ప్రధాన అనుమానితుడు విటమిన్-ఈ అసిటేట్. చర్మానికి రాసే క్రీముల్లో, మింగే గోలీల్లో వాడే పదార్థమే. గంజాయి నూనెను చిక్కగా కనిపించేలా చేయడానికి కొందరు దాన్ని కలిపారు. రోగుల ఊపిరితిత్తుల నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 51 మందిలో 48 మందిలో అది దొరికింది. ఆ రోగుల్లో ఎక్కువమంది సరుకు తెచ్చుకున్నది లైసెన్స్ ఉన్న దుకాణాల్లో కాదు, ఫ్రెండ్స్ దగ్గరో, ఆన్‌లైన్‌లోనో, చేతులు మారిన చోటో.

వేడి చేస్తే ఇంకో మార్పు జరుగుతుంది. గ్లిజరిన్ మితిమీరి కాగితే అక్రోలిన్ పుడుతుంది. పొయ్యి మీద బాణలిలో నూనె మాడితే కళ్లు మండి, గొంతు పట్టేసే ఘాటు ఉంటుంది చూశారా, అందులో ఉండేది అదే. పైన చెప్పిన ద్రావకాలు అతిగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్ కూడా వస్తుంది.

గ్లిజరిన్ అంటే గ్లిజరినేనా?

ఇది మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని ప్రమాదం. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ ఇండస్ట్రియల్ గ్రేడ్‌లో కూడా దొరుకుతాయి, చవగ్గా. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉండే ప్రమాదముంది. రంగు లేదు, వాసన లేదు, కాస్త తియ్యగా ఉంటుంది, చూపులకు అచ్చం గ్లిజరినే. కిడ్నీలను పాడుచేస్తుంది.

1986లో ముంబై జేజే ఆస్పత్రిలో ఇలా కలుషితమైన గ్లిజరిన్ ఇచ్చిన రోగుల్లో 14 మంది చనిపోయారు. 2022లో గాంబియాలో పిల్లల దగ్గు మందుల వ్యవహారం, 2025 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల మరణాలు.. రెండింటిలోనూ ఇదే రసాయనం పేరు వినిపించింది. ఆ మరణాలన్నీ మందు తాగడం వల్ల జరిగినవి, వేపింగ్ వల్ల కాదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. లైసెన్స్ ఉండి, టెస్టింగ్ చేయాల్సిన బాధ్యత ఉన్న కంపెనీల సరుకులోనే అది జొరబడింది. కిచెన్ టేబుల్ మీద సిరంజీ పట్టుకున్న కుర్రాడి దగ్గర దాన్ని పట్టుకునే యంత్రం ఏముంటుంది?

నికోటిన్: రైతుకు తెలిసిన విషం

అగ్నిఅస్త్రం పేరు మన రైతులకు కొత్త కాదు. ప్రకృతి వ్యవసాయంలో పురుగులను చంపడానికి పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు గోమూత్రంలో ఉడికించి చేసే కషాయం. అందులో పొగాకు చేసే పని నికోటిన్‌దే. ఫ్యాక్టరీలో చేసే నికోటిన్ సల్ఫేట్ పురుగుమందుకు దేశంలో వాడకం ఎప్పుడో ఆగిపోయింది. 1992లో వాడకంపై నిషేధం పెట్టి, ఎగుమతి కోసం తయారీకి మాత్రం అనుమతి ఉంచారు.

నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. తడి పొగాకు ఆకు కోసే కూలీలకు తల తిరగడం, వాంతులు, నీరసం రావడం ప్రపంచమంతా పొగాకు పండే చోట్ల చూసిన సంగతే. దానికి గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అని డాక్టర్లు పేరు కూడా పెట్టారు. ఆకు మీది తడితోనే అంత ఇబ్బంది అయితే, చిక్కటి నికోటిన్ ద్రవం చేతి మీద ఒలికితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

లెక్క చూడండి. యూరప్‌లో చట్ట ప్రకారం అమ్మే ఈ-లిక్విడ్‌లో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు, రీఫిల్ బుడ్డి 10 మిల్లీలీటర్లు దాటకూడదు. ఇంట్లో కలిపేవాళ్లు వాడే గాఢ ద్రవాల్లో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములవి కూడా ఉంటాయి. అంటే ఒక టీస్పూన్, 5 మిల్లీలీటర్లలో 500 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు ప్రాణాంతక మోతాదు 60 మిల్లీగ్రాములని పాత పుస్తకాలు రాసేవి. ఆ లెక్క తప్పని, 500 మిల్లీగ్రాములకు పైనే ఉండొచ్చని 2014లో ఒక పరిశోధకుడు వాదించాడు. ఏ లెక్క తీసుకున్నా టీస్పూన్ అనేది చిన్న విషయం కాదు. ఏడాది రెండేళ్ల పిల్లలకైతే అందులో కొద్ది భాగం చాలు.

కొత్తవాళ్లు చేసే పొరపాటు చాలావరకు దశాంశ బిందువు దగ్గరే. ఆ బిందువు ఒక స్థానం అటూ ఇటూ అయితే పది రెట్లు తేడా వస్తుంది. పైగా లేబుల్ లేకుండా చేతులు మారిన ద్రవంలో అసలు గాఢత ఎంతో ఎవరికీ తెలియదు. తెలియని అంకెను ఎంత జాగ్రత్తగా గుణించినా వచ్చేది తెలియని అంకే.

నిల్వ: అసలు ప్రమాదం కలిపాక మొదలవుతుంది

కలిపినవాడికి ఆ బుడ్డిలో ఏముందో తెలుసు. ఇంట్లో మిగతావాళ్లకు తెలియదు. మామిడి వాసన, స్ట్రాబెర్రీ వాసన, చిన్న బుడ్డి, తియ్యటి రుచి. అది పాత కంటి చుక్కల సీసాలో పోసి ఉంటే? ఫ్రిజ్‌లో జ్యూస్ పక్కన పెట్టి ఉంటే? నానమ్మ కంటి చుక్కలనుకుని వేసుకోవచ్చు, చెల్లెలు సిరప్ అనుకుని నోట్లో పెట్టుకోవచ్చు.

2014 డిసెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫోర్ట్ ప్లెయిన్ అనే ఊళ్లో ఏడాది పిల్లాడు లిక్విడ్ నికోటిన్ మింగి చనిపోయాడు. ఆ తర్వాతే అమెరికాలో నికోటిన్ సీసాలకు పిల్లలు తెరవలేని మూతలు ఉండాలని కేంద్ర చట్టం వచ్చింది. మన దగ్గర అమ్మకమే నిషేధం కాబట్టి అలాంటి మూత నిబంధన ప్రశ్నే లేదు. చాటుగా వచ్చే సరుకుకు మూతా లేదు, లేబులూ లేదు.

వెలుతురు, వేడి, గాలి తగిలితే నికోటిన్ ఆక్సిడైజ్ అయి పసుపు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. మే నెలలో హైదరాబాద్ 40 డిగ్రీలు దాటితే, పై అంతస్తు రేకుల రూములో ఇంకెంతో. రంగు మారితే పాతదైందని తెలుస్తుంది గానీ, రంగు మారకపోతే మంచిదని కాదు. పాతదైనంత మాత్రాన విషం కాకుండా పోదు కూడా.

ఇళ్ల మధ్య రసాయనాల నిల్వ అంటే ఏంటో నాంపల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2023 నవంబర్ 13న బజార్‌ఘాట్‌లో ఓ అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన కెమికల్ డ్రమ్ములకు మంటలు అంటుకుని పై అంతస్తుల్లో ఉన్న కుటుంబాల్లో పలువురు చనిపోయారు. ఈ-లిక్విడ్ దానిలా అంత తేలిగ్గా అంటుకునే సరుకు కాదు, రెండూ ఒకటని చెప్పడం లేదు. కానీ అక్కడ పోయినవాళ్లు డ్రమ్ములు తెచ్చినవాళ్లు కారు, పైన ఉంటున్నవాళ్లు. వేప్ విషయంలో నిప్పు భయం ఎక్కువగా లిథియం బ్యాటరీది. విడిగా జేబులో తాళాలు, చిల్లరతో కలిపి వేసుకున్న బ్యాటరీ షార్ట్ అయితే తొడ కాలిపోతుంది.

ఒలికితే, మింగితే ఏం చేయాలి?

చర్మం మీద ఒలికితే తడిసిన బట్టలు వెంటనే తీసేసి సబ్బు, నీళ్లతో బాగా కడగాలి. కడిగేవాళ్లు చేతికి గ్లౌజులో, కవరో వేసుకుంటే మంచిది. కంట్లో పడితే పారే నీటితో కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

మింగితే మాత్రం ఇంటి వైద్యం వద్దు. ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. గొంతులో వేలు పెట్టొద్దు. ఒకవేళ ఫిట్స్ వస్తే ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మొదట చొంగ కారడం, వాంతులు, చెమట, ముఖం పాలిపోవడం, గుండె దడ, వణుకు కనిపిస్తాయి. తర్వాత పరిస్థితి తిరగబడుతుంది: మత్తు, కండరాలు పట్టు తప్పడం, ఊపిరి మందగించడం. ఇదంతా పావుగంట నుంచి గంట లోపే మొదలవ్వచ్చు. "వాంతయ్యింది కదా, తేరుకుంటాడులే" అని పడుకోబెట్టడమే పెద్ద తప్పు.

108కు ఫోన్ చేయండి. పిల్లలైతే ఈ ఏరియాలో దగ్గర్లో నిలోఫర్, పెద్దవాళ్లయితే ఉస్మానియా ఎమర్జెన్సీ. ఎయిమ్స్ ఢిల్లీలోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 116 117, రాత్రి పగలు పనిచేస్తుంది. ఆ బుడ్డిని కూడా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పోలీసులు పట్టుకుంటారేమోనని దాన్ని డ్రైనేజీలో పారేసి, డాక్టర్‌తో "ఏదో తిన్నాడు" అని చెబితే వైద్యం దారి తప్పుతుంది. నికోటిన్‌కు విరుగుడు ఇంజెక్షన్ లేదు. ఫిట్స్‌ను ఆపడం, ఊపిరి నిలబెట్టడమే చికిత్స, కాబట్టి ఏం మింగాడో, ఎంత మింగాడో, ఎప్పుడు మింగాడో తెలియడమే డాక్టర్‌కు సగం పని.

అలవాటు మానాలనుకుంటే

వేప్ కలుపుకునేవాళ్లలో కొందరు నిజంగానే సిగరెట్ మానడానికి ఈ దారి పట్టినవాళ్లు ఉంటారు. వాళ్లను వెక్కిరించాల్సిన పనేమీ లేదు. కాకపోతే వాళ్లకు కావాల్సిన నికోటిన్ చట్టబద్ధంగా, కొలత రాసి, మెడికల్ షాపులోనే ఉంది. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు అని వస్తుంది. రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతున్నారన్న దాన్ని బట్టి ఏది వాడాలో డాక్టర్ చెబుతారు. చూయింగ్ గమ్ లాగా ఆగకుండా నమిలితే వెక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి. కాసేపు నమిలి, ఘాటు తగలగానే బుగ్గ పక్కన పెట్టుకోవాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇది ఎవరూ చెప్పక చాలామంది రెండో రోజే గమ్ మానేస్తుంటారు.

జాతీయ పొగాకు క్విట్‌లైన్ నంబర్ 1800 11 2356, కాల్ ఉచితం. ఆందోళన, నిద్ర పట్టకపోవడం లాంటివి ఎక్కువైతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.